సంక్రాంతి పిండివంటల వేళ బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు ఎందుకు పోయకూడదు?

నీళ్లు నూనె కన్నా బరువు కాబట్టి పైన తేలవు, నేరుగా అడుగుకు దిగుతాయి. జంతికలు వేగే నూనె సుమారు 180 డిగ్రీల వేడిలో ఉంటుంది. అంటుకునే సమయానికి అది 300 కూడా దాటుతుంది. నీళ్లేమో 100 డిగ్రీలకే ఆవిరవుతాయి. అలా మారేటప్పుడు దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతాయి. అంటే చెంచాడు నీళ్లు రెప్పపాటులో దాదాపు బకెట్ నిండా ఆవిరి! ఆ ఊపుకు నూనె సన్నని తుంపరగా ఎగిరి గాలిలోనే మండుతుంది. బాణలిలోని మంట కప్పును తాకుతుంది.

స్టవ్ కట్టేయండి. ఎదురుగా కాకుండా పక్క నుంచి పెద్ద స్టీలు మూతనో పళ్లాన్నో జరుపుతూ బాణలిని మూసేయండి. గాలి అందక మంట ఆరుతుంది. ఆరింది కదా అని వెంటనే మూత తీస్తే మళ్లీ భగ్గుమంటుంది, పూర్తిగా చల్లారనివ్వండి. మండుతున్న బాణలిని పెరట్లోకి మోసుకుపోవడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. అప్పుడు మండే నూనె ఒలికేది కాళ్ల మీదే.

నిజానికి నూనె ముందే చెబుతుంది. దట్టంగా పొగలు వస్తున్నాయంటే పొయ్యి ఆపాలి. అరిసెల పాకం చూడటానికి పక్కకు వెళ్లినా సరే, ఆపి వెళ్లాలి.

పండుగ ముందు రేయింబవళ్లు వండే మిఠాయి దుకాణాల్లో మూతతో పాటు వంటనూనె మంటల కోసమే తయారైన ‘కె’ రకం అగ్నిమాపక సిలిండర్ ఉండాలి. మంట అదుపు తప్పితే బయటికి వచ్చి 101కి, గ్యాస్ లీకైతే 1906కి ఫోన్ చేయండి.