ఇంట్లో చదివే చిన్నపిల్లలకు చరిత్ర పాఠాలు ఎలా ఎంచుకోవాలి: తిరుపతి నుంచి మా అనుభవం

చిత్తూరులో ఉంటూ ఎనిమిదేళ్ళ అబ్బాయికి, ఆరేళ్ళ అమ్మాయికి ఇంట్లోనే చదువు చెబుతున్నామనీ, చరిత్ర కోసం విదేశీ ప్యాకేజీ తెప్పించాలా, బడి పుస్తకాలతో సరిపెట్టుకోవాలా, లేక కథల పుస్తకాలు చాలునా అనీ మీరు అడిగారు. తిరుపతిలో మా ఇద్దరు పిల్లలకు ఐదేళ్ళుగా ఇంట్లోనే చెబుతూ ఈ మూడింటినీ వాడి చూశాము కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. మొదటి ఏడాది ఏ ప్యాకేజీ కొనకండి. ముందు మీ ఇంటి నుంచి, మీ ఊరి నుంచి మొదలుపెట్టి, ‘నూరేళ్ళు’ అంటే ఎంతో పిల్లలకు కాస్త అందనివ్వండి. ఆ తర్వాత ఏ పుస్తకం ఎంచుకున్నా అది పనికివస్తుంది.

మేము చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. పెద్దవాడికి ఎనిమిదేళ్ళు రాగానే, ప్రాచీన కాలం నుంచి ఆధునిక కాలం వరకు నాలుగేళ్ళలో ప్రపంచ చరిత్ర చెప్పే విదేశీ ప్యాకేజీ ఒకటి దాదాపు 20,000 రూపాయలు పెట్టి తెప్పించాము. పుస్తకం మంచిదే, బొమ్మలు బాగున్నాయి, పాఠం విన్నాక పిల్లవాడి చేత తన మాటల్లో తిరిగి చెప్పించే పద్ధతి ఇంకా బాగుంది. నైలు నది వరదల గురించి చదివి, చక్కెర బిళ్ళలతో పిరమిడ్ కట్టి, మూడు నెలలు ఉత్సాహంగా గడిపాము. ఆ తర్వాత ఒకనాడు మా అమ్మ వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని ఆ పిరమిడ్లు ఎప్పుడు కట్టారని అడిగితే, “నువ్వు చిన్నప్పుడు అవ్వా” అన్నాడు. వాడు పాఠం మరిచిపోలేదు, ఫారోల పేర్లు కూడా చెప్పగలడు. ఆ పేర్లను తగిలించుకోవడానికి వాడి మనసులో కొయ్య లేదు, అంతే. పైగా ఆ ఏడాది పాఠాలన్నింటిలో భారతదేశానికి దక్కినవి రెండే.

అప్పుడు ప్యాకేజీని అటక మీద పెట్టి, హాలు గోడ వెంట ఒక నూలుతాడు కట్టాము. ఒక అడుగుకు నూరేళ్ళు లెక్క. తలుపు దగ్గర ‘ఈరోజు’ అని చీటీ తగిలించి, బట్టల క్లిప్పులతో ఒక్కొక్క చీటీ పెట్టించాను. పిల్లలు పుట్టిన రోజులు, మా పెళ్ళి, అవ్వ పుట్టుక, 1947 అన్నీ మొదటి అడుగులోనే ఇరుక్కున్నాయి. కృష్ణదేవరాయలు ఐదడుగుల దగ్గర, అన్నమయ్య పుట్టిన 1408 ఆరడుగులు దాటాక వచ్చాయి. అశోకుడు ఇరవై రెండడుగులు దాటి గోడ చివరికి చేరాడు. హరప్పా నగరాలకు తాడు చాలక, ఇంకో ఉండ ముడివేసి వాకిలి దాటించి మెట్ల దాకా లాగాల్సి వచ్చింది. పిరమిడ్ చీటీ పట్టుకుని మావాడు మెట్లు దిగి వెళ్ళి, అక్కడి నుంచి తలుపు వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత వాడు ఎప్పుడూ పిరమిడ్లను అవ్వ చిన్ననాటికి తేలేదు.

ఈ తాడు మీదికి ఎక్కించడానికి మన ప్రాంతంలో సామగ్రికి కొదవ లేదు. విజయనగర రాజుల చివరి రోజుల్లో రాజధానిగా ఉన్న చంద్రగిరి మాకు అరగంట దారి. అక్కడి మూడంతస్తుల రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. ఆ సంగతి ముందే చెప్పి, ఎక్కడైనా దూలం కనిపిస్తుందేమో వెతకమంటే, పిల్లలిద్దరూ ప్రతి గదిలో తల పైకెత్తి గంటసేపు వెతికారు. 1639లో చెన్నపట్నం నేల ఆంగ్లేయ కంపెనీ చేతికి వెళ్ళింది చంద్రగిరి రాయల కాలంలోనే అని అక్కడే చెప్పాను. కంపెనీ పాలన అనే పెద్ద పాఠానికి ముందుమాట మన పక్క ఊరిలో దొరకడం ఎంత అదృష్టమో చూడండి. ఏర్పేడు దగ్గరి గుడిమల్లం శివలింగం క్రీస్తు పూర్వపుది కావడంతో, మా తాడు మీద అశోకుడికి పొరుగున ఒక స్థానికుడు కూడా చేరాడు. మీరు చిత్తూరులోనే ఉన్నారు కనుక ఇంకొకటి చెప్తాను. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న కన్నుమూసింది మీకు దగ్గరలోని నరసింగరాయనిపేట శిబిరంలోనే. కొడుకు టిప్పు మలబారు తీరాన ఉండగా, అతడికి కబురు చేరే వరకు మరణవార్తను దాచి ఉంచారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఇంతకన్నా ఉత్కంఠ కలిగించే పాఠం ఏ ప్యాకేజీలోనూ దొరకదు.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది, తిరుపతి చుట్టుపక్కల పిల్లలను పెంచేవారికి తప్పకుండా ఎదురవుతుంది. నారాయణవనంలో శ్రీనివాసుడి కల్యాణం, దానికోసం కుబేరుడి దగ్గర చేసిన అప్పు మన పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చిన కథలు. మా చిన్నది ఒకసారి ఆ కల్యాణం చీటీ రాసి తెచ్చి, తాడు మీద ఎక్కడ పెట్టాలని అడిగింది. నేను ఆ చీటీని తోసిపుచ్చలేదు, ఏదో ఒక సంవత్సరం చెప్పి తగిలించనూ లేదు. స్థలపురాణాల కోసం అందమైన అట్టతో వేరే నోటుపుస్తకం తెరిచాము. తాడు మీదికి రావాలంటే శాసనమో, నాణెమో, కట్టడమో, ఆ కాలపు రాతో సాక్ష్యం కావాలని నియమం పెట్టుకున్నాము. తిరుమల, తిరుపతి గుడి గోడల మీద వెయ్యికి పైగా శాసనాలున్నాయి, వాటిలో ఎక్కువ భాగం తమిళంలోవి. పదో శతాబ్దంలో సామవై అనే పల్లవ రాణి స్వామికి వెండి విగ్రహం సమర్పించిన సంగతి వాటి వల్లే మనకు తెలుసు. రాణి కథ విన్నాక మా అమ్మాయి ఆ చీటీని తానే రాసి, పదడుగులు దాటాక తగిలించింది. తిరుమలలో మహాద్వారం దాటగానే కనిపించే కృష్ణదేవరాయల విగ్రహాన్ని, ఆయన ఇద్దరు దేవేరులను ఈసారి దర్శనంలో పిల్లలకు తప్పక చూపించండి. “మనకు ఎలా తెలుసు?” అని పిల్లలే అడగడం మొదలుపెట్టిన రోజు నుంచి నాకు పాఠం చెప్పడం సులువయింది.

ఏడాది తర్వాత పుస్తకం కొనేటప్పుడు మొదటి పేజీలు కాదు, విషయసూచిక చదవండి. భారతదేశానికి ఎన్ని పాఠాలు ఇచ్చారో, అందులో దక్షిణాదికి ఏమైనా మిగిలిందో, రాజులూ యుద్ధాలూ కాక నేతగాళ్ళు, రైతులు, ఆడవాళ్ళు ఎక్కడైనా కనిపిస్తారో చూడండి. తర్వాత మధ్యలోంచి ఒక పేజీ మీ అబ్బాయికి పైకి చదివి వినిపించి, పుస్తకం మూసి, విన్నది చెప్పమనండి. ఇంగ్లండుకు చెందిన విద్యావేత్త షార్లెట్ మేసన్ నూరేళ్ళ కిందటే దీనిని ప్రధాన పద్ధతిగా బోధించారు. పిల్లవాడు రెండు వాక్యాలు కూడా చెప్పలేకపోతే ఆ పుస్తకం వాడి వయసుది కాదు. వర్క్‌షీట్ల కట్టలకు డబ్బు పెట్టనవసరం లేదు.

మేము చివరికి కుదుర్చుకున్న పద్ధతిలో రాష్ట్ర ఆరో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకమే వెన్నెముక. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండటం మాకు కలిసివచ్చింది, అవ్వ కూడా చదివి చెప్పగలిగింది. భాష కొంత పొడిగా ఉంటుంది కనుక దానిని నేను చదివి, కథగా మార్చి చెబుతాను. అటక మీది ప్యాకేజీని కూడా కిందికి దించాము. ఈజిప్టు, గ్రీసు, చైనా పాఠాలకు దానిని మించినది నాకు దొరకలేదు, ఇప్పుడు ఆ చీటీలు వెళ్ళాల్సిన చోటికే వెళ్తున్నాయి. వారానికి రెండు రోజులు, నలభై నిమిషాల చొప్పున చాలు.

పరీక్షల గురించి ఈ వయసులో బెంగ వద్దు. బడుల్లోనూ ఐదో తరగతి దాకా చరిత్ర విడి సబ్జెక్టు కాదు, పరిసరాల విజ్ఞానంలో కలిసే ఉంటుంది. ముందుముందు ఎన్‌ఐఓఎస్‌ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ)లో చేర్పిస్తే అక్కడి ఎ, బి, సి స్థాయులు వరుసగా మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానం.

ఆరేళ్ళ అమ్మాయికి వేరే పుస్తకం వద్దండీ. అన్నయ్య పాఠం వింటూ బొమ్మలు వేసుకోనివ్వండి, చీటీలు తగిలించే పని ఆమెకే అప్పగించండి. తాడు మాత్రం ఆమె చేతికందే ఎత్తులో కట్టండి. మేము మొదట మా భుజాల ఎత్తులో కట్టి, నెల తర్వాత మళ్ళీ విప్పి కిందికి దించాము.