గుర్రం జింకను దాటిందా, మించిందా?

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. ఒక కథలో ‘పరుగులో గుర్రం జింకను దాటింది’ అని రాశాడు. టీచర్ ‘దాటింది’ కొట్టేసి ‘అధిగమించింది’ అని రాశారు. ఇంట్లో మేమైతే ‘ఓవర్‌టేక్ చేసింది’ అంటాం. ఏది సరైన తెలుగు?
– ఒక తల్లి, మలక్‌పేట

జవాబు: అమ్మా, బాబు రాసింది తప్పు కాదు. ఆ ఎర్ర గీత చూసి నాకు బాధేసింది.

మీ మలక్‌పేట మీదుగానే నేను రోజూ కోఠి బస్సులో వెళ్తాను. పైన మెట్రో రైలు మా బస్సును దాటిపోతుంది. వెనక ఉన్నది పక్కకొచ్చి ముందుకు పోతే, అది దాటడం. కళ్లముందు జరిగే పని.

మించడం వేరు. దానికి ఇద్దరూ ఒకే దారిలో ఉండక్కర్లేదు, పోలిక ఉంటే చాలు. ఉసేన్ బోల్ట్ 2008లో బీజింగ్‌లో 100 మీటర్లు 9.69 సెకన్లలో పరిగెత్తాడు. మరుసటి ఏడు బెర్లిన్‌లో 9.58. తనను తానే మించాడు అంటాం, దాటాడు అనం. గురువును మించిన శిష్యుడు అన్నప్పుడూ ఇదే మాట. పాత కావ్యాల్లో ‘మించు’ అంటే మెరుపు కూడా. వేగం గురించి చెప్పేటప్పుడు నాకు ఈ మాటే ఇష్టం.

మూడోది మీరడం. ఇది హద్దుకు సంబంధించింది. ఔటర్ రింగ్ రోడ్డు కుడి వరుసల్లో కార్లకు గంటకు 120 కిలోమీటర్లు పరిమితి. 140లో పోతే పరిమితి మీరినట్టే. పేపర్లో రోజూ చూసే ‘మితిమీరిన వేగం’ ఇదే.

ఇక ‘అధిగమించు’. సంస్కృతంలో అధిగమించడమంటే పొందడం, చేరుకోవడం. తెలుగులో అర్థం మారి, కష్టాలనూ అడ్డంకులనూ అధిగమిస్తున్నాం. వాడుకలో స్థిరపడింది కాబట్టి తప్పనను. కానీ ఆరో తరగతి పిల్లాడి కథలో గుర్రానికి అంత బరువైన మాట ఎందుకు? ‘ఓవర్‌టేక్’ అంటారా, రోడ్డు మీద అందరం అంటున్నదే, బండ్ల వరకు వాడుకోండి.

కథలో పందెం జరుగుతుంటే, గుర్రం వెనకనుంచి వచ్చి ముందుకు పోయిన క్షణానికి ‘దాటింది’ అనే ఉంచమనండి. రెండింట్లో ఏది వేగమైనదో చెప్పాలంటే మాత్రం ‘వేగంలో గుర్రం జింకను మించింది’ అని రాయమనండి.