ఫిజిక్స్ చదివించండి, 8 లక్షల అప్పు మాత్రం వద్దు

నమస్కారం అన్నగారూ. మీ అమ్మాయి ఫిజిక్స్ కోసం ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరడానికి 8 లక్షల అప్పు చేయవచ్చా అని కావలి నుంచి అడిగారు. చేయకండి. 10 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 10,570 రూపాయలు కట్టాలి. చదువుకునే కాలానికి పడే వడ్డీ అదనం. నేను ఒంగోలులో పాఠాలు చెప్పడానికి చేరినప్పుడు జీతం 14,000. నా అప్పు వాయిదా పోగా బ్యాంకు పుస్తకంలో మిగిలిన అంకె చూస్తే గుండె జారిపోయేది.

ఫిజిక్స్‌లో మంచి సంపాదన ఎక్కువగా బీఎస్సీ తర్వాతి మెట్లలోనే ఉంది. బీఎస్సీ సీటు కోసం నెల్లూరు డీకే ప్రభుత్వ మహిళా కళాశాలలో అడిగి చూడండి. కావలి నుంచి రైలు ఉండనే ఉంది. రెండో ఏడు నుంచే జామ్ పరీక్షకు చదవనివ్వండి, ఐఐటీలో ఎంఎస్సీకి అదే దారి. ఆపై నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, వస్తే పరిశోధన మొదటి రెండేళ్లు నెలకు 37,000 ఇస్తారు. అమ్మాయిని మాత్రం ఫిజిక్స్ మాన్పించకండి.