బాలింత తలనొప్పిని చలిగాలి అనుకోవద్దు

అక్కా, పర్లాకిమిడిలో మీ అమ్మాయికి కాన్పయి 9 రోజులైందని, తలనొప్పి తగ్గడం లేదని, చూపు మసకబారుతోందని, ఇంట్లో వాముపొగ వేస్తున్నారని రాశారు. పొగ ఆపి, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గర్భంతో ఉన్నప్పుడు బీపీ బాగున్నా, కాన్పు తర్వాత 6 వారాల దాకా పెరగవచ్చు. పెద్దలు గుర్రపువాతం అనేది ఈ బీపీ ముదిరి వచ్చే మూర్ఛనే. 160/110 ఉంటే క్షణం ఆగకూడదు. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.

మా చెల్లికీ కాన్పు తర్వాత ఇలాగే అయింది; దానికి ముందురోజే ఉంగరం వేలికి బిగుసుకుపోయింది, సబ్బు రాసినా ఊడలేదు. మేం నీరు పట్టిందిలే అనుకున్నాం. ఆ ఆలస్యం మీరు చేయకండి.

డిశ్చార్జి కాగితం పట్టుకెళ్లి, లోపలికి వెళ్లగానే కాన్పు తేదీ చెప్పండి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, జ్వరం 100.4 దాటినా, ఒక పిక్క వాచి నొప్పెట్టినా అదీ చెప్పండి. బీపీ ఎంతుందో ఇక్కడ రాయండి, చూస్తూ ఉంటాను.