చిన్న ప్లేయర్‌కి ఏ హెడ్‌ఫోన్: బస్సుకొకటి, చెరువు గట్టుకొకటి

మీరడిగింది ఇదీ: జేబులో పట్టే చిన్న ఎంపీత్రీ ప్లేయర్ ఉంది, పగలు అమలాపురం నుంచి కాకినాడ బస్సులోనూ రాత్రి రొయ్యల చెరువు కాపలాలోనూ వింటారు, చెవిలో దూర్చేవి, చెవి మీద ఆనేవి, చెవి మొత్తం కప్పేవి ఈ మూడింట్లో సౌండూ సుఖమూ దేంట్లో బావుంటాయి, పైగా స్నేహితుడొకాయన తన 250 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) స్టూడియో హెడ్‌ఫోన్ ఇచ్చేస్తానంటున్నాడు, తీసుకోవచ్చా అని. మాదీ భీమవరం వైపు చెరువుల పనే, మూడు రకాలూ వాడుతున్నాను కాబట్టి చెబుతున్నా. ఒక్కటే కొని రెండు చోట్లా నెట్టుకొద్దామంటే మాత్రం కుదరదండి.

ముందు ఆ 250 ఓమ్‌ల సంగతి. వద్దు. బేయర్‌డైనమిక్ కంపెనీ డీటీ 770 ప్రో లాంటి స్టూడియో హెడ్‌ఫోన్లు 32, 80, 250 ఓమ్‌లలో వచ్చాయి, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, కానీ 250వి మిక్సర్‌కో యాంప్లిఫయర్‌కో తగిలించుకోవడానికి. ఓమ్‌లు పెరిగే కొద్దీ అదే సౌండు రావడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, జేబులో ప్లేయర్ అంత ఇవ్వలేదు. వాల్యూమ్ చివరిదాకా పెట్టినా కొత్త పాటలు ఎలాగోలా వినిపిస్తాయి గానీ, తక్కువ లెవెల్లో రికార్డ్ చేసిన పాత పద్యాలు నీరసంగా వస్తాయి. ఒట్టి ఓమ్‌లు చూసినా చాలదు, డబ్బా మీద సెన్సిటివిటీ అని, ఇచ్చిన పవర్‌కి ఎంత సౌండు వస్తుందో చెప్పే ఇంకో అంకె ఉంటుంది, అది మిల్లీవాట్‌కి 100 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉండి ఓమ్‌లు 16 నుంచి 60 మధ్య ఉంటే మీ ప్లేయర్‌కి ఏ ఇబ్బందీ ఉండదు.

బస్సుకి చెవిలో దూర్చేవే, అంటే ఇన్‌ఇయర్లే. కిటికీలు తెరిచిన బస్సులో ఇంజన్ గుర్రుమనే శబ్దం పాటలోని బేస్‌ని మింగేస్తుంది, దాంతో మనకి తెలియకుండానే వాల్యూమ్ పెంచుకుంటూ పోతాం, ఎదుర్లంక వంతెన దాటి యానాం వచ్చేసరికి చివరి గీత మీద ఉంటుంది. బయటి శబ్దాన్ని ఆపగలిగితే పెంచాల్సిన పనే ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, అదే 90 అయితే 4 గంటలే. రోజూ బస్సెక్కే మనిషికి ఇది చిన్న విషయం కాదు. (బండి నడిపేటప్పుడు మాత్రం ఇవి తీసి జేబులో పెట్టుకోండి, మన రోడ్ల మీద ఇసుక లారీ హారన్ వినపడకపోతే అంతే.)

అయితే వీటిలో ధర కంటే ముఖ్యమైనది చెవిలోకి వెళ్లే ఆ మెత్తటి సిలికాన్ టిప్ ఎలా కూర్చుందన్నది. కాస్త సందున్నా బేస్ మొత్తం పోయి తబలా రేకు డబ్బా కొట్టినట్టు వినిపిస్తుంది, అప్పుడు మనవాళ్లు కంపెనీని తిడతారు. డబ్బాలో చిన్నా పెద్దా సైజులు ఇస్తారు, మార్చి చూసేవాళ్లు తక్కువ. రెండు చెవులకీ ఒకే సైజు ఉండాలని కూడా లేదు, నాకు ఎడమ చెవికి పెద్దది పడుతుంది. పెట్టుకునేటప్పుడు కుడి చెవికైతే ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని కొంచెం పైకీ వెనక్కీ లాగి పట్టుకుని దూర్చి, అప్పుడు వదలండి. పాట నడుస్తుండగా వేలితో ఇంకాస్త లోపలికి నొక్కి చూడండి, బేస్ పెరిగిందా, అంటే అంతకుముందు సందున్నట్టే. తీగ చొక్కాకి రాసుకుంటే చెవిలో దబదబమంటుంది, చెవి పైనుంచి వెనక్కి తిప్పి వేసుకుంటే చాలావరకు పోతుంది. ఒక్క చిక్కు, గంట దాటితే లోపల దురద, చెమట. తీసి తుడుచుకోవాల్సిందే.

చెరువు దగ్గర మాత్రం అవి అసలు పెట్టుకోవద్దు. మీకు తెలియనిది కాదు, కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యలు పైకి తేలిపోతాయి. ఏరేటర్ల శబ్దం ఆగిందన్నది మనకి తెలియాలి. అందుకే గట్టు మీద షెడ్డులో నేను పెట్టుకునేది చెవి మీద ఆనే రకం, కాస్ కంపెనీ పోర్టా ప్రో. 1984లో వచ్చిన డిజైను, ఇప్పటికీ దాదాపు అదే ఆకారంలో అమ్ముతున్నారు. 60 ఓమ్‌లే, చిన్న ప్లేయర్ హాయిగా లాగుతుంది. చెవి మీద పల్చటి స్పాంజి తప్ప ఏమీ ఉండదు, వెనక అంతా తెరిచే ఉంటుంది కాబట్టి గాలి ఆడుతుంది, ఉక్కపోత రాత్రుల్లో కూడా చెవులు కాలవు. చెవికి పైన కణతల దగ్గర ఆనే చిన్న మెత్తలున్నాయి, పక్కనున్న మీట జరిపితే బరువు చెవుల మీంచి వాటి మీదికి పోతుంది. సన్నటి ఇనప పట్టీ వెంట్రుకల్ని పట్టి పీకుతుంది, అదొక్కటీ విసుగు. తీసేటప్పుడు పక్కకి లాగకుండా పైకి ఎత్తండి.

సౌండంటారా, లోతైన బేస్‌లో బాగా కూర్చున్న ఇన్‌ఇయర్‌కి ఇది సాటి రాదు, బస్సులోనైతే దండగే. కానీ గొంతు విషయానికొస్తే నా ఓటు దీనికే. పాట తలకాయ మధ్యలో ఇరుక్కున్నట్టు కాకుండా కొంచెం ముందర ఎవరో పాడుతున్నట్టుంటుంది, పైస్థాయిలు మెత్తగా ఉంటాయి కాబట్టి పాత రికార్డింగుల్లో ఉండే బుస్సుమనే శబ్దం చెవుల్ని గుచ్చదు. చవక ఇన్‌ఇయర్లలో సన్నటి శబ్దాలు మెరిసేలా పెంచి పెడతారు, మొదటి పది నిమిషాలు అబ్బో అనిపిస్తుంది, తర్వాత తలనొప్పి.

చెవి మొత్తం కప్పేవి ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని వినేవాళ్లకి సరే. కళ్లజోడు ఉంటే దాని కాడల పక్కనుంచి బేస్ కారిపోతుంది. మన గాలిలో తేమకి, చెమటకి ఆ రెక్సిన్ మెత్తలు పొట్టు లేచి నల్లటి పెచ్చులు మెడకి అంటుకుంటాయి. కొంటే గుడ్డ మెత్తలున్నవి చూడండి. బ్లూటూత్ నెక్‌బ్యాండ్ల గురించి అడగలేదు, నేనూ చెప్పను, అర్ధరాత్రి చార్జింగ్ అయిపోతే తెల్లారేదాకా దాని మొహం చూస్తూ కూర్చోవాలి.

డబ్బులు ఒకేసారి రెండింటికీ కుదరకపోతే ముందు బస్సుకి మామూలు ఇన్‌ఇయర్ ఒకటి తీసుకోండి, చెరువుకి అప్పటిదాకా పాత ఫోన్‌తో వచ్చిన, టిప్ లేని ఇయర్‌ఫోన్ చాలు, అదీ బయటి శబ్దాన్ని ఆపదు. పోర్టా ప్రో కొన్నాక స్పాంజి మెత్తలు విడిగా ఒక జత తెప్పించుకోండి, ముందు చిరిగేవి అవే.