శాన్ హోసేలో ఒక శనివారం పొద్దున

"అక్కా, కోస్టారికా వచ్చి నెలన్నర అయింది. ఆఫీసులో అందరూ అగ్నిపర్వతాలు, బీచ్‌లే చెప్తున్నారు. రాజధాని శాన్ హోసేలో చూడ్డానికి ఏమీ లేదంటున్నారు, నిజమేనా?" అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు.

నిజం కాదు తమ్ముడూ. బీచ్‌లు ఎక్కడికీ పోవు. ముందు ఒక శనివారం పొద్దున్నే ఈ ఊరు నడిచి చూడు. నువ్వు ఎలాంటి దేశానికి వచ్చావో అప్పుడు తెలుస్తుంది.

నేషనల్ మ్యూజియంతో మొదలుపెట్టు. ఒకప్పుడు అది బెల్యావిస్తా అనే సైనిక స్థావరం. 1948 అంతర్యుద్ధంలో తగిలిన తూటాల గుంతలు గోడల మీద ఇంకా అలాగే ఉన్నాయి. ఆ ఏడాది డిసెంబరు 1న, ఆ యుద్ధంలో గెలిచిన నాయకుడు హోసే ఫిగేరెస్ సుత్తితో ఈ గోడ మీదే కొట్టి, దేశంలో సైన్యాన్ని రద్దు చేస్తున్నామని ప్రకటించాడు. మరుసటి ఏడాది రాజ్యాంగంలోనూ ఆ మాట రాసుకున్నారు. మా నాన్నగారు మిలటరీలో చేసి రిటైరయ్యారు. ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు ఒక గుంతలో వేలు పెట్టి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడిపోయారు. దేశానికి దక్షిణాన ఉన్న దిక్వీస్ ప్రాంతంలో పాతకాలపు ఆదివాసులు చెక్కిన రాతి గోళాలు కూడా అక్కడే చూడొచ్చు.

అక్కణ్ణుంచి అవెనీదా సెంట్రాల్ అనే వీధి మీదుగా పడమరగా నడువు. ప్లాసా దె లా కుల్తూరా అనే చౌక్ కింద, భూగర్భంలో, సెంట్రల్ బ్యాంకు వారి బంగారు మ్యూజియం ఉంది. వేలెడంత బంగారు కప్పలు, రెక్కలు చాచిన గద్దలు. పాతకాలపు ఆదివాసులు వీటిని మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి లోహం పోసేవారు. మన ఆదిలాబాద్ డోక్రా పనివాళ్ల పద్ధతీ ఇదే.

ఆ పక్కనే 1897లో తెరిచిన నేషనల్ థియేటర్. కట్టడానికి మొదట కాఫీ ఎగుమతుల మీద పన్ను వేశారు. లోపల పైకప్పు మీద ఇటలీ చిత్రకారుడు అలెయార్దో విల్లా వేసిన కాఫీ, అరటి కోతల బొమ్మ ఉంటుంది. పాత 5 కొలోన్ల నోటు మీద ఉన్నది అదే. అందులో గెల పట్టుకున్న మనిషిని జాగ్రత్తగా చూడు. నేను కోనసీమలో పెరిగాను, గెల మోసేవాళ్లెవరూ అలా పట్టుకోరని చూడగానే తెలిసిపోయింది. కాఫీ కోతేమో సముద్రం ఒడ్డున జరుగుతున్నట్టు వేశాడు. ఇక్కడ కాఫీ పండేది మన అరకులోలాగా కొండల మీద. అయినా ఆ రంగులు, ఆ మనుషుల కళ నాకు చాలా ఇష్టం. ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్తాను.

ఆకలేసే వేళకి సెంట్రల్ మార్కెట్‌కి చేరతావు. 1880 నాటిది. సందులు ఇరుకు, ఫోను లోపలి జేబులో పెట్టుకో. చిన్న హోటళ్లని సోడా అంటారు. కసాదో అడిగితే అన్నం, బీన్స్, సలాడ్, వేయించిన అరటిపండు వస్తాయి. శాకాహారివైతే "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అంటే సరిపోదు, చికెన్ పెట్టేస్తారు. "సిన్ పోయో" (చికెన్ లేకుండా) అని కూడా చెప్పు. బీన్స్‌లో పంది కొవ్వు వేశారేమో అడుగు.

నీ డీమెక్స్ కార్డు, అంటే ఇక్కడ ఉండే విదేశీయులకిచ్చే గుర్తింపు కార్డు, తీసుకెళ్లు, మ్యూజియంలో ఇక్కడివాళ్ల ధరకే టికెట్ ఇస్తారు. మే నుంచి నవంబరు దాకా మధ్యాహ్నాలు వాన పడుతుంది, కాబట్టి పొద్దున్నే బయల్దేరు. వాన మొదలైతే మార్కెట్‌లోనే ఉండిపో. 1901 నుంచి నడుస్తున్న లోలో మోరా కొట్లో దాల్చినచెక్క, లవంగం వాసనొచ్చే ఐస్‌క్రీమ్ దొరుకుతుంది.