లేహ్‌లో డీజిల్ బండికి మొదటి చలికాలం: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీర్వదించి రాసేది.

నువ్వు మనాలీ మీదుగా బండి నడుపుకుంటూ క్షేమంగా లేహ్ చేరావని నిన్న అక్క ఫోన్ చేసి చెప్పింది. నువ్వు పంపిన ఫోటోలు కూడా చూశాను. టాండీ పంపు దగ్గర ‘తర్వాతి పంపు 365 కిలోమీటర్లు’ అన్న బోర్డు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటోని చాలాసేపు చూశాను. నీ వెనక డిక్కీలో రెండు డీజిల్ క్యాన్లు కనిపించాయి. ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది వాటి కోసమే.

అవి ఇంకా అలాగే ఉన్నాయా? ఉంటే వచ్చే పది పదిహేను రోజుల్లో బండిలో పోసి తిరిగెయ్. చలికాలంలో అక్కరకొస్తాయని దాచుకుంటావేమోనని నా భయం. జనవరిలో నీ బండిని నడిరోడ్డు మీద ఆపేసేది ఆ డీజిలే. ఫోన్‌లో చెబితే సగం గుర్తుంటుంది, సగం పోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. డాష్‌బోర్డు అరలో ఉంచుకో.

డీజిల్‌లో సహజంగానే కొంత మైనం ఉంటుంది. వెచ్చగా ఉన్నప్పుడు కరిగిపోయి ఉంటుంది కాబట్టి మన కంటికి కనపడదు. చలి పెరిగేకొద్దీ ముందు డీజిల్ మసకబారుతుంది, తర్వాత అందులో సన్నటి పలుకులు కడతాయి, ఇంకా చలైతే పారకుండా పేరుకుపోతుంది. ధనుర్మాసంలో ఇంట్లో కొబ్బరినూనె సీసా ఏమవుతుందో చూశావుగా, అచ్చం అలాగే. అయితే ట్యాంకంతా గడ్డకట్టేదాకా అక్కర్లేదు. ఆ పలుకులు వెళ్ళి డీజిల్ ఫిల్టర్ కాగితానికి పట్టేస్తే చాలు. బండి స్టార్ట్ అవుతుంది, వీధి చివరిదాకా వెళ్తుంది, అక్కడ ఆగిపోతుంది. కొత్తవాళ్ళు బ్యాటరీ అనుకుని సెల్ఫ్ కొట్టి కొట్టి, ఉన్న బ్యాటరీని కూడా చంపుకుంటారు.

మైదానాల్లో అమ్మే డీజిల్‌కి మన దేశంలో ఒక ప్రమాణం ఉంది. పోర్ పాయింట్, అంటే ఇక పారలేని స్థితికి వచ్చే ఉష్ణోగ్రత, చలికాలపు డీజిల్‌కి 3 డిగ్రీల వరకు, ఎండాకాలపు డీజిల్‌కి 15 డిగ్రీల వరకు ఉండొచ్చు. మన మాధవరంలో అది ఎవరికీ పట్టని సంగతి. లేహ్‌లో జనవరి రాత్రులు మైనస్ 15, మైనస్ 20 మామూలే. ద్రాస్ వైపు వెళ్తే ఇంకా కిందికి పోతుంది.

మా రోజుల్లో లేని వసతి ఒకటి నీకుంది. 2019 నవంబర్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్ళు లడఖ్ లాంటి చోట్ల కోసమే వింటర్ గ్రేడ్ డీజిల్ తెచ్చారు. పానిపట్ రిఫైనరీలో తయారవుతుంది. దాని పోర్ పాయింట్ మైనస్ 33. ఎప్పటి నుంచి పోస్తున్నారో లేహ్ పంపులో ఇప్పుడే అడిగి పెట్టుకో. రాగానే పోయించు. కానీ అప్పటికి నీ ట్యాంకులో సగం పాత డీజిల్ ఉంటే, రెండూ కలిసి దాని బలం సగానికి పడిపోతుంది. అందుకని ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేదాకా తిరిగి, అప్పుడు నింపించు. నింపించాక నేరుగా ఇంటికెళ్ళి పెట్టేయకు. ఒక ముప్ఫై కిలోమీటర్లు తిప్పు. పైపుల్లో, ఫిల్టర్‌లో నిలిచి ఉన్న పాత డీజిల్ కూడా అయిపోవాలి. ట్యాంకులో మంచి డీజిల్, ఫిల్టర్‌లో పాత డీజిల్ ఉంటే లాభం లేదు.

కిరోసిన్ కలపమని ఆఫీసులో ఎవరో చెప్పారని అక్కతో అన్నావట. మా కాలంలో డ్రైవర్లు కలిపేవాళ్ళు, నేనూ కలిపాను. ఆ ఇంజిన్లు వేరు. నీది బీఎస్-6 బండి, అంటే పొగ కాలుష్యం మీద కొత్త కట్టుబాట్ల ప్రకారం చేసినది. దాని హైప్రెషర్ పంపుకీ ఇంజెక్టర్లకీ వేరే ఆయిల్ ఉండదు, డీజిల్ జిడ్డే వాటికి కందెన. కిరోసిన్‌కి ఆ జిడ్డు లేదు. పైగా బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళకి 10 పాళ్ళకు మించకూడదు. కిరోసిన్‌లో అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది, అది సైలెన్సర్ దారిలో ఉన్న శుద్ధి చేసే భాగాలన్నిటినీ పాడుచేస్తుంది. ఐదు లీటర్ల కిరోసిన్‌తో మిగిలే డబ్బు లేదు, పోయేది మాత్రం లక్షల్లో ఉంటుంది. వద్దు నాన్నా. డీజిల్ పేరుకోకుండా పోసే మందు సీసాలు దొరుకుతాయి. అవసరమనిపిస్తే బండి కంపెనీ ఒప్పుకున్నది వాడు. అది కూడా డీజిల్ మసకబారకముందే పోయాలి. పేరుకున్న మైనాన్ని అది కరిగించలేదు.

ఇప్పుడు కూలెంట్ సంగతి, అంటే ఇంజిన్ వేడి లాగడానికి రేడియేటర్‌లో పోసే ద్రవం. దీని గురించి మాత్రం కాస్త ఎక్కువ రాస్తాను.

తొంభైల్లో నేను కార్గిల్ వైపు ఉన్నప్పుడు ఒక శక్తిమాన్ ట్రక్కు తీసుకుని ద్రాస్ నుంచి తిరిగొస్తున్నాను. దారిలో రేడియేటర్ గొట్టం కారింది. గుడ్డ, తీగ చుట్టి ఆపాను. పోయిన నీళ్ళకి బదులు వాగులో నీళ్ళు ముంచి పోశాను. క్యాంపు చేరేసరికి చీకటి పడింది, చేతులు కొయ్యబారిపోయాయి. రేపు పొద్దున్నే మార్చుకుందాం అనుకుని పడుకున్నాను. ఆ రాత్రి ఆ నీళ్ళు గడ్డకట్టాయి. నీరు మంచు అయినప్పుడు తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది, దాన్ని ఆపగల ఇనుము లేదు. పొద్దున బానెట్ ఎత్తితే ఇంజిన్ పక్కనుండే ప్లగ్ బయటికి తన్నుకొచ్చి ఉంది, బ్లాకు మీద వెంట్రుకంత పగులు. రోడ్డు మూసుకుపోయే వేళ ఒక ఇంజిన్ పోగొట్టాను. మా ఉస్తాద్ నన్ను తిట్టలేదు. నా పక్కన కూర్చుని, బండి చచ్చేది రాత్రి, మనకి తెలిసేది పొద్దున్న అని మాత్రం అన్నాడు. సికింద్రాబాద్‌లో ట్రేడ్ నేర్చుకున్న దగ్గర్నుంచి పెన్షన్ పుచ్చుకునేదాకా ఈఎంఈలో, అదే సైన్యంలో బండ్లు బాగుచేసే విభాగంలో, నేను విన్న పాఠాల్లో ఇంతగా మనసులో నాటుకున్నది ఇంకోటి లేదు. ఆ తర్వాత ఎంత అలసిపోయినా సాయంత్రం చూడాల్సింది చూడకుండా పడుకోలేదు.

అందుకని కూలెంట్‌ని నవంబర్ లోపే పరీక్ష చేయించు. కొలిచే పరికరం ఏ మంచి మెకానిక్ దగ్గరైనా ఉంటుంది, ఒక చుక్క చాలు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్ళలో ఉంటే మైనస్ 35 దాకా ఢోకా లేదు. పాత ఓనర్ ఎప్పుడైనా కుళాయి నీళ్ళు పోసి ఉంటే ఆ లెక్క తప్పుతుంది. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి మొత్తం తీసేసి కొత్తది పోయించడమే నయం. చలి ఎక్కువ కదా అని నీళ్ళు కలపకుండా చిక్కటి కూలెంట్ పోయించకు. ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, కూలెంట్‌లో ఉండే అసలు సరుకు గ్లైకాల్, నీళ్ళు కలపకపోతే అది మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. రెడీమిక్స్ అని డబ్బా మీద ఉంటే దానిలో మళ్ళీ నీళ్ళు కలపకు.

ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటే మార్పించు. మీ బండి పుస్తకం ఒప్పుకుంటే 5డబ్ల్యూ-30 వేయించు. డబ్ల్యూ ముందు అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా కదులుతుంది. చిక్కబడిన ఆయిల్‌లో ఇంజిన్ తిప్పాలంటే బ్యాటరీకి ఎక్కువ సత్తువ కావాలి. ఆ బ్యాటరీకేమో మైనస్ 18 దగ్గర ఉన్న సత్తువలో సగమే మిగులుతుంది. రెండు దెబ్బలూ ఒకేసారి పడతాయన్నమాట. మూడేళ్ళు దాటిన బ్యాటరీ అయితే బతిమాలి నడిపించకు, కొత్తది కొను. ఇంకోటి, నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ ఆ చలికి గడ్డకట్టదు, దిగిపోయిన బ్యాటరీ మైనస్ పది లోపే గడ్డకట్టి పగిలిపోతుంది.

స్టార్ట్ చేసేముందు సిలిండర్లని వేడెక్కించే గ్లో ప్లగ్గులు నాలుగూ పనిచేస్తున్నాయో లేదో చూపించు. మన ఊళ్ళో రెండు పోయినా నీకు తెలియదు. 3,500 మీటర్ల ఎత్తులో గాలే మూడింట రెండు వంతులు ఉంటుంది, చలి దానికి తోడు. సిలిండర్‌లో వేడి పుట్టడమే కష్టం. అక్కడ ఒక్కటి పోయినా ఇంజిన్ దగ్గుతూ తెల్లపొగ వదులుతుంది.

రోజూ సాయంత్రం చేయాల్సింది పది నిమిషాల పని. బండిని గాలి తగలని గోడ వార, పొద్దుటి ఎండ ముందుగా బానెట్ మీద పడేలా పెట్టు. హ్యాండ్ బ్రేక్ వేయకు. తడి ఉంటే బ్రేకు లోపలే పట్టేసి, పొద్దున చక్రం కదలదు. గేర్‌లో ఉంచి, చక్రాలకి ముందు వెనక రాళ్ళు పెట్టు. వైపర్లు అద్దం మీంచి పైకి లేపి ఉంచు. ట్యాంకు సగం కన్నా తగ్గనీయకు. ఖాళీ ట్యాంకులో తేమ చేరి నీళ్ళవుతుంది, ఆ నీళ్ళు ఫిల్టర్‌లో మంచవుతాయి. ఫిల్టర్ కింద నీళ్ళు వదిలే మర ఉంటుంది, రెండు వారాలకొకసారి మెకానిక్ చేత వదిలించు.

పొద్దున లైట్లు, హీటర్ ఫ్యాను, పాటలు అన్నీ కట్టేసి ఉండాలి. తాళం తిప్పి, గ్లో ప్లగ్ గుర్తు ఆరేదాకా ఆగు. మరీ చలిగా ఉంటే తాళం వెనక్కి తిప్పి మళ్ళీ ఒకసారి వెలిగించు. క్లచ్ పూర్తిగా తొక్కి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా సెల్ఫ్ కొట్టు. పది సెకన్లకు మించి కొట్టకు, స్టార్ట్ కాకపోతే ఒక నిమిషం ఆగు. మూడుసార్లు చూసినా కాకపోతే వదిలేసి లోపలికెళ్ళి టీ తాగు. టెన్షన్ పడకు. లేహ్‌లో చలికాలంలోనూ ఎండ బాగా కాస్తుంది, పది పదకొండు గంటలకి చాలాసార్లు దానంతటదే దారికొస్తుంది. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ ఫిల్టర్ చుట్టూ చుట్టొచ్చు. అద్దం మీద మాత్రం వేడినీళ్ళు పోయకు, పగిలిపోతుంది. ట్రక్కుల వాళ్ళు ఇంజిన్ కింద మంట పెట్టడం చూస్తావు. నీ బండి అడుగున ప్లాస్టిక్ షీట్లు, వైర్లు, డీజిల్ పైపులు ఉంటాయి. ఎవరు ఎంత చనువుగా సాయం చేయబోయినా చేతులు జోడించి వద్దను.

స్టార్ట్ అయ్యాక నిలబెట్టి రేజ్ చేయకు. ఒకటి రెండు నిమిషాలు చాలు, తర్వాత నెమ్మదిగా కదులు. డీజిల్ ఇంజిన్ నిలబడి ఎంతసేపు ఆడినా వేడెక్కదు, పని చేస్తేనే వేడెక్కుతుంది. వేడి ముల్లు కదిలేదాకా టర్బోని కష్టపెట్టకు.

నీ ఇంటికీ బ్యాంకుకీ మూడు కిలోమీటర్లే అన్నావు. అది బండికి మంచిది కాదు. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తావు, మసి పట్టే ఫిల్టర్ తనని తాను కాల్చుకుని శుభ్రపడే సందర్భమే రాదు. వారానికోసారి, రోడ్డు ఆరిన ఎండవేళ, నీమూ దాకా వెళ్ళి సింధు, జంస్కార్ కలిసేచోట చూసి రా. రానూ పోనూ డెబ్భై కిలోమీటర్లు వస్తుంది. నీడ పడే మలుపుల దగ్గర రోడ్డు మీద కనపడని మంచు ఉంటుంది, అక్కడ బ్రేకు తొక్కకుండా గేరుతోనే వేగం తగ్గించు. పొగని శుద్ధి చేయడానికి వేరే ట్యాంకులో పోసే డెఫ్ ద్రవం మైనస్ 11కి గడ్డకడుతుంది, కంగారు పడకు, ఆ ట్యాంకుకి హీటర్ ఉంటుంది. అంచుదాకా నింపకపోతే చాలు.

ఒక్క విషయం మాత్రం నాకు మాటివ్వు. దారిలో ఎక్కడైనా చిక్కుకుంటే ఇంజిన్ ఆన్‌లో ఉంచి, అద్దాలు ఎత్తుకుని నిద్రపోకు. సైలెన్సర్ గొట్టానికి మంచు అడ్డం పడితే పొగ లోపలికొస్తుంది, అందులో విషవాయువుకి వాసన కూడా ఉండదు. రగ్గు, పార, టార్చి, ఫ్లాస్కులో వేడినీళ్ళు, తినడానికి ఏదో ఒకటి ఎప్పుడూ బండిలో ఉండాలి.

సంక్రాంతికి నువ్వు వచ్చేటప్పుడు బండి ఇరవై రోజులు బయటే ఉంటుంది. వింటర్ గ్రేడ్ డీజిల్ నిండా పోయించి, బ్యాటరీ నిండా ఛార్జి చేయించి, విప్పించి ఇంట్లో పెట్టుకో. తిరిగి వెళ్ళి విమానం దిగిన రోజున బండి జోలికి పోకు. నీకే ఆ ఎత్తు గాలి మళ్ళీ అలవాటవ్వాలి. ఆ రోజంతా పడుకుని నీళ్ళు బాగా తాగు. ఇరవై రోజులు ఆగిన బండి ఇంకొక రోజు ఆగుతుంది.

అత్తయ్య సున్నుండలు, కందిపొడి పార్సిల్ చేసింది. అందినట్టు ఫోన్ చెయ్, అప్పుడే ఆ క్యాన్లు ఖాళీ అయ్యాయో లేదో కూడా చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య